పీటకు పనికొచ్చే మొహం

అసువానో ఊళ్ళో రాణీమాత పీట ఖాళీ అయినప్పుడు, దాని మీద కూర్చునే మనిషికి ఏ గుణాలుండాలన్న ప్రశ్న ఎవరికీ రాలేదు. ఏవి ఉండకూడదో మాత్రం చిన్నపిల్లలకి కూడా తెలుసు. చేతికి ఆరో వేలు ఉండకూడదు. పన్ను విరిగి ఉండకూడదు. కాలిన మచ్చ, కోసిన మచ్చ, వంకర వేలు, మెల్లకన్ను, ఏవీ పనికిరావు. మచ్చ ఉన్న మనిషి పీటెక్కితే పోయి పైనున్న పెద్దలకి కోపం వస్తుంది. మరి బుద్ధి సంగతేమిటి అంటారా? అది బట్టలు విప్పి చూస్తే కనపడేది కాదు కాబట్టి ఆ పరీక్ష పెట్టే అలవాటు మా వాళ్ళకి లేదు.

పాత రాణీమాత ఆ ఏడు ఎండల మొదట్లో తన ఊరికి వెళ్ళిపోయింది. అంటే చనిపోయింది. మా దగ్గర పీటెక్కినవాళ్ళు మామూలు జనంలాగా చచ్చిపోరు. ఆవిడ వెళ్ళిన మర్నాటి నుంచే రాచకుటుంబంలో ఎగువింటి వాళ్ళకీ దిగువింటి వాళ్ళకీ కంటి మీద కునుకు లేదు. పీట తల్లి వైపు రక్తానికే దక్కుతుంది, ఆ రక్తమేమో రెండిళ్ళలోనూ సమానంగా పారుతోంది. ఎగువింట్లో ఫ్రెమా ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకుని బతుకుతోంది. దిగువింట్లో అదే ఈడు డూఫియే ఉంది, రొట్టెల బట్టీ నడుపుతోంది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే దొడ్లో మామిడికాయలు దొంగిలించి ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్ళే. పీట ఖాళీ అయిందో లేదో, వాళ్ళిద్దరూ దారిలో ఎదురైతే పలకరించుకోకూడదని పెద్దవాళ్ళు ఆంక్ష పెట్టారు.

ఫ్రెమాకి ఆ పీట నిజంగానే కావాలి. నగల కోసం కాదు, ఊరేగింపులో తలమీద పట్టే పెద్ద గొడుగు కోసమూ కాదు. ఏటి ఒడ్డున ఆడవాళ్ళ మళ్ళు ఉన్నాయి. అందులో ఒక మడిలో ఆమె తల్లి ఉల్లి, టమాటా, తెల్లవంకాయ వేస్తుంది. ఫ్రెమా కుట్టుమిషను ఆ ఉల్లిపాయల మీద వచ్చిందే. ఆ మళ్ళన్నీ రాణీమాత పీట కింద ఉంటాయి, ఆవిడ కాదంటే వాటిని ఎవరూ ముట్టుకోవడానికి లేదు. ఇప్పుడు కాదనడానికి ఎవరూ లేరు కదా అని దిగువింటి పెద్దాయన అజేయ్ మామ ఆ ఒడ్డుకి కొత్త స్నేహితుల్ని తీసుకొస్తున్నాడు. బూట్లేసుకున్న స్నేహితులు, మట్టి తవ్వే యంత్రాలున్న స్నేహితులు, గుప్పెడు ఇసక తీసి బంగారం కోసం కళ్ళు చికిలించే స్నేహితులు. డూఫియే పీటెక్కితే ఆ పిల్ల తరఫున ఆలోచించే కష్టమంతా తానే పడతానని ఆయన ముందే ఊరంతా చెప్పి ఉంచాడు. అంత త్యాగబుద్ధి ఆయనది. పక్క ఊళ్ళో అలా తవ్విన ఏరు ఇప్పుడు బురద రంగులో పారుతోంది, అందులో కప్పలు కూడా మొహం చాటేశాయి.

ముసలమ్మలు నలుగురైదుగురు ఫ్రెమాని గదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు. సంతలో మేకని కొనేవాడు కూడా అంత శ్రద్ధగా చూడడు. పళ్ళు చూశారు, చంకలు చూశారు, కాలివేళ్ళ సందులు చూశారు, నడిపించి చూశారు, తుమ్మించి చూశారు. బయటికొచ్చి, పిల్ల కడిగిన గిన్నెలా ఉందన్నారు. ఊరి నాయకుడు నానా అన్సా ఆమె పేరునే ఎంచాడు. అయితే పోయిన పెద్దల్ని కొలిచే అదాయే పండగ వచ్చేదాకా ఆమెను ఇంటి పట్టున ఉంచి, పద్ధతులు నేర్పి, పండగనాడు పెద్దలందరి ముందూ చూపించాలి. ఈలోపల ఏ లోపం కనపడినా పీట దిగువింటికి పోతుంది.

అప్పుడు రంగంలోకి దిగింది అఫ్రియే అవ్వ. రెండిళ్ళకీ కలిపి ఆడవాళ్ళలో పెద్ద తలకాయ ఆవిడే. ఫ్రెమాకీ డూఫియేకీ కూడా అమ్మమ్మ వరస. ఊళ్ళో ఆవిడకి తెలియని విషయం లేదు, తెలియకపోయినా చెప్పని విషయం అసలు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, రాణీమాత జుట్టు నలుపు తయారుచేసే విద్య ఆవిడ ఒక్కదాని చేతిలోనే ఉంది. రాణీమాత జుట్టు మామూలు జుట్టులా ఉండడానికి వీల్లేదు. చుట్టూ గొరిగి, పైన గుండ్రంగా కత్తిరించి, పొయ్యి మసీ షియా గింజల వెన్నా కలిపి నూరిన ముద్దతో నిగనిగలాడేలా నల్లగా దిద్దాలి. నుదుటి మీద ఆ నలుపు అంచు గీత గీసినట్టుండాలి. ఆ ముద్దలో ఇంకా ఏమేం పడతాయో అవ్వ ఎవరికీ చెప్పదు. నూనెతాటి గింజల నూనె పడుతుందని వాసనని బట్టి ఊరందరికీ తెలుసు.

రోజూ పొద్దున్నే అవ్వ గిన్నె పట్టుకుని వచ్చేది. ఫ్రెమా తలని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో నుదుటి అంచు నుంచి కణతల మీదుగా చెవుల ముందు దాకా దిద్దేది. ఎండకి ఆ ముద్ద కరిగి నుదుటి మీదకి జారేది. తుడవబోతే చేతి మీద ఒక్కటిచ్చేది. “తుడుచుకోకే తల్లీ. రాణీతనం కారుతోందనుకో,” అనేది. ఫ్రెమాకి నవ్వొచ్చేది. అవ్వ ఒళ్ళో తల పెట్టుకుంటే నిజం చెప్పాలంటే హాయిగానే ఉండేది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు తప్ప ఎవరూ ఆమెను అంత ముద్దు చేయలేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున నుదుటి అంచున నల్ల గీత కిందే వరసగా చిన్న చిన్న గింజలు తేలాయి. అవ్వ కళ్ళు చికిలించి చూసి, జొన్నగింజ రకం, పట్టించుకోనక్కర్లేదంది. అవ్వ దగ్గర మొటిమలకి ఒక శాస్త్రం ఉంది. జొన్నగింజ రకం వేడి వల్ల వస్తుంది. బొబ్బరిగింజ రకం పల్లీలు తింటే వస్తుంది. పల్లీగింజ రకం దొంగచూపుల వల్ల వస్తుంది. అంతకంటే పెద్దది వస్తే ఆ పిల్లని గట్టిగా నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ శాస్త్రం ప్రకారం ఇప్పటిదాకా ఊళ్ళో ఎవరి మొటిమలూ తగ్గలేదు, శాస్త్రం మీద నమ్మకమూ తగ్గలేదు.

ఆ వరస కనపడకుండా అవ్వ చాలా తెలివైన పని చేసింది. నలుపు అంచుని ఒక వేలు కిందికి దించి గింజల్ని కప్పేసింది. వారం తిరక్కుండా కొత్త అంచు కింద ఇంకో వరస తేలింది. అవ్వ అంచుని ఇంకో వేలు దించింది. మొటిమలు ఇంకో వేలు దిగాయి. వాటికీ అవ్వకీ పందెం కట్టినట్టు ఇద్దరూ కనుబొమల వైపు నడిచారు. అద్దంలో చూసుకుంటే తన నుదురు రోజురోజుకీ తరిగిపోతోందని ఫ్రెమాకి అర్థమైంది. ఇలాగే పోతే పండగనాటికి కళ్ళు కూడా జుట్టులో కలిసిపోతాయని తల్లితో అంది. తల్లి నవ్వలేదు. ఉల్లిమళ్ళ పక్కన బూట్ల స్నేహితులు కర్రలు పాతి తాడు కట్టారని చెప్పి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఈలోపల వైద్యాలు మొదలయ్యాయి. ఫ్రెమా మొహం ఊరుమ్మడి ఆస్తి అయిపోయింది. ఒక పిన్ని నిమ్మరసం రుద్దింది, మంటకి ఫ్రెమా గదంతా తిరిగింది. ఇంకో పిన్ని టూత్‌పేస్టు పూసింది. నల్లసబ్బు పెట్టి కొబ్బరిపీచుతో తోమితే మురికి వదులుతుందని ఒకావిడ తోమింది. మురికి వదల్లేదు, తోలు వదిలింది. చర్చి పాస్టరుగారు వచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ఆ చేతికి అంటిన నలుపుని గోడకి తుడుచుకుని వెళ్ళారు. మేనమామల్లో ఒకాయన, ఇదంతా పెళ్ళి కాక వచ్చిన పొంగు అని తేల్చాడు. ఆయనకి పెళ్ళయి ముగ్గురు పిల్లలు పుట్టాక కూడా వీపు నిండా మొటిమలే. ఆ సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. పల్లీలు మానేయమన్నారు, గుడ్లు మానేయమన్నారు, నూనెతాటి పళ్ళ పులుసు మానేయమన్నారు. ఆఖరికి ఫుఫూ ముద్దలో కారం లేని చారు పోసుకుని తింటూ ఫ్రెమా ఏడ్చింది. పైగా గిల్లొద్దని చెప్పేవాళ్ళందరూ వచ్చి ఒకసారి గిల్లి చూసేవాళ్ళు.

సంగతి దిగువింటికి తెలియకుండా ఉంటుందా? అజేయ్ మామ నానా దగ్గరికి వెళ్ళి ఎంతో బాధపడ్డాడట. పిల్ల మొహం అలా పేలిందంటే కారణం ఒకటే అయి ఉంటుంది, కడుపులో ఏముందో ఒకసారి చూపించండి, మన పీట పరువు కోసమే చెబుతున్నాను అన్నాడట. ఆయన గొంతు కూడా వణికిందంటారు. నానా మరేం చేస్తాడు, పెద్దాసుపత్రికి కబురంపాడు. అక్కడి నుంచి డాక్టర్ ఎసినమ్ వచ్చింది. వోల్టా నది అవతలి పిల్ల, ఈవే జాతి మనిషి. కాబట్టి మా పద్ధతుల గురించి ఆవిడ ఏం చెప్పినా వినక్కర్లేదని అవ్వ ఆవిడ గుమ్మం దాటకముందే నిర్ణయించేసింది.

కడుపులో ఏమీ లేదని డాక్టర్ కాసేపట్లోనే తేల్చేసింది. ఆ మాట గుమ్మం బయట చెవులు పెట్టుకుని నిలబడ్డ నలుగురికీ వినపడేలా చెప్పింది. తర్వాత కిటికీ తెరిచి, ఫ్రెమా మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. అవ్వ తన శాస్త్రమంతా ఏకరువు పెట్టింది. డాక్టర్ ఓపిగ్గా విని, “జొన్నలూ బొబ్బర్లూ బాగానే ఏరారు అవ్వా. కానీ అవి వేరువేరు పంటలు కావు, ఒకే గింజ పెరగడం,” అంది.

“అదేం చోద్యం?”

“ప్రతి వెంట్రుక కిందా చిన్న నూనె తిత్తి ఉంటుంది. ఆ నూనె వెంట్రుక పక్కనుంచి పైకొచ్చి చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. ఈడొచ్చిన పిల్లల్లో ఆ నూనె ఎక్కువ ఊరుతుంది. చచ్చిపోయిన చర్మం పొట్టులా రాలుతుంది కదా, ఆ పొట్టూ నూనే ముద్దకట్టి దారి మూసేస్తే అక్కడ మొదలు గొడవ. మీ సంత ముందు మురిక్కాలవకి ప్లాస్టిక్ సంచులు అడ్డం పడితే ఏమవుతుంది?”

“మా గుమ్మంలోకి వస్తుంది. మూడేళ్ళ నుంచి చెబుతున్నా, వినేవాడేడీ?” అంది అవ్వ, ఒక్క క్షణం మొటిమల్ని మర్చిపోయి.

“ఇక్కడా అంతే. మూత మీద చర్మం కప్పేసి ఉంటే తెల్లగింజ. మూత తెరుచుకుని గాలి తగిలితే నల్లబడుతుంది, అది నల్లగింజ. అది మురికి కాదు, కొబ్బరిపీచు పెట్టి ఈ పిల్ల తోలు లేపొద్దు. చర్మం మీద ఎప్పుడూ కాపురముండే క్రిములు ఆ నూనెలో చిక్కుకుని పిల్లాపాపలతో పెరిగితే వాపు. మన రంగు మీద ఎరుపు తెలియదు గానీ ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. చీము చేరితే పసుపు తల. లోపల గోడ పగిలి లోతుకి దిగితే గడ్డ. ఆ గడ్డ మానినా గుంట మిగులుతుంది.” డాక్టర్ తన చెంప మీది గుంటలు చూపించింది. “ఇవి నాకు పదహారో ఏట మా పెద్దమ్మలు చేసిన వైద్యం.”

అవ్వ మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళగానే డాక్టర్ గొంతు తగ్గించింది. “నీవి ఇంకా గడ్డలదాకా పోలేదు, అదృష్టం. ఒకటి చూడు. గడ్డం మీద ఒక్కటీ లేదు. వీపు మీద లేదు. నుదురు, కణతలు, చెవుల ముందు, అంతే. ఆ నలుపు ఎక్కడిదాకా పూస్తున్నారో అక్కడిదాకా వచ్చాయి. కప్పడానికి పూసిందే వాటికి ఎరువు.”

“మరి పాత రాణీమాతకి రాలేదే? అంతకుముందు వాళ్ళకీ రాలేదే?”

“వాళ్ళ చర్మంలో నూనె ఊరడం ఎప్పుడో తగ్గిపోయింది. ఎండిన కాలవకి ఏం అడ్డం పడితే ఏం? ఇరవై రెండేళ్ళదాన్ని పట్టుకొచ్చి అరవయ్యేళ్ళ మనిషి పూత పూశారు. అది ఆపు. ఈ మందు రాత్రిపూట పల్చగా రాసుకో. తగ్గుతాయి, నల్ల మరకలు కూడా మెల్లగా పోతాయి. కానీ నెలలు పడుతుంది.”

పండగేమో నెలలు ఆగదు.

ఆ సాయంత్రం ఫ్రెమా మాటల్ని కూడగట్టుకుని అవ్వతో సంగతి చెప్పింది. అవ్వ ముందు నవ్వింది, తర్వాత మానేసింది. తన చేతి ముద్ద ఎంతమంది రాణీమాతల తలల మీద వెలిగిందో ఏకరువు పెట్టింది. వాళ్ళలో ఒక్కతె కూడా మనవలు పుట్టకముందు పీటెక్కలేదన్న సంగతి మాత్రం ఆవిడకి తట్టలేదు. చివరికి గిన్నె మీద మూత పెట్టి, “వెళ్ళు. పండగనాడు అందరి ముందూ చెప్పు. అఫ్రియే గిన్నెలో విషం ఉందని చెప్పు. చచ్చేముందు ఆ మాట కూడా వినేసి పోతాను,” అంది.

“చెప్పను అవ్వా.”

“ఎందుకు చెప్పవు? ఆ నది అవతలిది చెప్పిందిగా.”

“నిన్ను నలుగురిలో నిలబెట్టి నేను పీటెక్కలేను,” అంది ఫ్రెమా. ఆ మాట అనేసిన తర్వాత ఆమెకి చాలా భయం వేసింది. ఎందుకంటే చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తల్లి మడి గుర్తొచ్చింది, ఆ కర్రలు, ఆ తాడు. ఒక ముసలిదాని పరువు కోసం ఇంతమంది ఆడవాళ్ళ పంట పోగొట్టే హక్కు తనకుందా అని తెల్లారేదాకా తనని తాను తిట్టుకుంది. అయినా మనసు ఒప్పలేదు.

అదాయేనాడు రాజగృహం ముంగిలి నిండిపోయింది. అవ్వ ఫ్రెమా నడినెత్తి మీద మాత్రం నలుపు దిద్ది, అంచు జోలికి పోకుండా వదిలేసింది. దాంతో ఇన్నాళ్ళూ కప్పిన వరసలన్నీ పట్టపగలు బయటపడ్డాయి. నానా అన్సా గొడుగు కింద కూర్చున్నాడు. ఆయన పక్కన బంగారు పిడి కర్ర పట్టుకుని, నానా మాట మోసే ఒచ్యామే అయిన బాడు నిలబడ్డాడు. నానాతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు. మనం ఒచ్యామేకి చెబితే ఆయన నానాకి చెబుతాడు, నానా ఆయనకి చెబితే ఆయన మనకి చెబుతాడు, మధ్యలో అందరికీ అన్నీ వినపడుతూనే ఉంటాయి. బాడు సామెత లేకుండా ముక్కు కూడా చీదడు కాబట్టి సభలు మధ్యాహ్నం దాటేవి.

అజేయ్ మామ లేచాడు. కెంతే గుడ్డ భుజం నుంచి కిందికి జార్చి వినయం చూపించి, చాలా విచారంగా మాట్లాడాడు. ఈ పిల్ల మీద తనకేం కోపం లేదట. ఎత్తుకు పెంచిన పిల్లేనట. కానీ పైనున్న పెద్దలే ఆమె నుదుటి మీద వద్దు అని అచ్చు వేశారట, అదీ ఒకసారి కాదు, వరసగా. మచ్చ మచ్చే కదా, దాన్ని పెద్ద మచ్చ చిన్న మచ్చ అని చూడడానికి మనమెవరం అన్నాడు. దిగువింటి వాళ్ళు తలలూపారు. ఎగువింటి వాళ్ళలో కూడా కొందరు ఊపారు, గాలి ఎటుందో చూసుకుని.

ఏమైనా చెప్పుకుంటావా అని నానా అడిగించాడు. ఫ్రెమా అవ్వ వైపు చూడకుండా ఉండడానికి ఒచ్యామే కర్ర వైపే చూసింది.

“నానాకి చెప్పండి. నా నుదుటి మీద ఉన్నవి ఉన్నాయి, దాచను. పెద్దలు నన్ను ఒక్కదాన్నే వద్దన్నారని మామ అంటున్నాడు. సరే. డూఫియేని కూడా వచ్చే పండగ దాకా నాలాగే ఇంట్లో కూర్చోబెట్టండి. రోజూ పొద్దున్నే అదే నలుపు దిద్దండి. అప్పుడు తన నుదురు శుభ్రంగా ఉంటే పెద్దలు నన్నే కాదన్నట్టు. పీట తనదే.”

ముంగిట్లో గుసగుసలు లేచాయి. అజేయ్ మామకి ఇది అనుకోని దెబ్బ. వద్దంటే రాణీమాత నలుపునే వద్దన్నట్టు, అవునంటే బూట్ల స్నేహితులు ఇంకో పండగ దాకా ఆగాలి. ఆయన నవ్వు తెచ్చుకుని, పరీక్షలెందుకు, మా పిల్ల నుదురు అద్దంలా ఉంది, ఊరంతా చూసిందే కదా అన్నాడు.

డూఫియే ఆయన వెనకే కూర్చుని ఉంది. తలకి పెద్ద గుడ్డ కనుబొమల దాకా చుట్టుకుని వచ్చింది. “మామా, ఊరుకో,” అంది.

“నువ్వు మాట్లాడకు.”

“నన్ను కదా కూర్చోబెట్టేది? నేనే మాట్లాడతాను.” డూఫియే లేచి తలగుడ్డ విప్పింది. చుట్టూ గొరిగిన తల, నిగనిగలాడే నలుపు, దాని కింద నుదుటి నిండా వరసలు వరసలుగా మొటిమలు. ఫ్రెమావి జొన్నలైతే ఆమెవి అప్పుడే బొబ్బర్లు దాటి పల్లీల్లోకి వెళ్ళాయి. “ఫ్రెమా మొహం పేలిందని తెలిసినప్పటినుంచే, తను పడిపోగానే నన్ను ఎక్కించాలని మా ఇంట్లో దిద్దడం మొదలెట్టారు. నెలరోజుల నుంచి ఈ గుడ్డ కట్టుకుని బట్టీ ముందు ఉడికిపోతున్నాను. మొహం మంటెత్తిపోతోంది. నాకీ పీట వద్దు, నా రొట్టెలు నన్ను కాల్చుకోనివ్వండి.”

 తర్వాత నానా గొడుగు కింద నుంచి కొంచెం ముందుకి వంగి ఒచ్యామే చెవిలో ఏదో అన్నాడు. ఒచ్యామే సామెత కోసం వెతికి, దొరక్క, అలాగే అడిగేశాడు: “దిగువింట్లో ఈ నలుపు దిద్దింది ఎవరు?”

అడగాల్సిన పనేముంది? ఆ విద్య ఊళ్ళో ఒక్క మనిషికే వచ్చు. తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. అఫ్రియే అవ్వ కొంగు సర్దుకుని, బెదరకుండా లేచింది.

“ఇద్దరూ నా పిల్లలే,” అంది. “పొద్దున ఎగువిల్లు, సాయంత్రం దిగువిల్లు. ఎవరు పీటెక్కినా తల మాత్రం నా చేతిదే అయి ఉండాలనుకున్నాను. తప్పా?”

ముంగిలి మొత్తం పగలబడి నవ్వింది. నానా గొడుగు కూడా ఊగింది. ఫ్రెమాకి మాత్రం నవ్వు రాలేదు. ఏ మనిషి పరువు కోసం తను తల్లి మడిని పణంగా పెట్టిందో, ఆ మనిషి సాయంత్రం పూట అదే గిన్నె పట్టుకుని వీధి దాటిందన్నమాట. ఒళ్ళు మండింది. వెంటనే ఏడుపు కూడా వచ్చింది.

నవ్వులు ఆగాక నానా మాట ఒచ్యామే నోటి గుండా వచ్చింది. పెద్దలు ఇద్దరి నుదుటి మీదా ఒకే మాట అచ్చువేసి ఉండరు, వాళ్ళకి వేరే పనులుంటాయి. డాక్టరమ్మ కారణం చెప్పి వెళ్ళిందని తనకి ముందే కబురందింది. ఎగువింటి పిల్ల ఆ కారణం నోట్లో పెట్టుకుని కూడా ఒక పెద్దావిడ పేరు బయట పెట్టలేదు. పోయే మచ్చ మచ్చ కాదు. పీట ఫ్రెమాది.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అజేయ్ మామే. మొటిమలంటే నిండు యవ్వనానికి గుర్తు అనీ, అలాంటి మొహం పీటెక్కితే పంటలు విరగకాస్తాయని తన తాతగారు చెప్పేవారనీ పక్కవాళ్ళకి వివరంగా చెప్పాడు.

ఫ్రెమాని పీట మీద మెల్లగా కూర్చోబెట్టి లేపారు. మా పట్టాభిషేకం అంతే. అంతటితో ఆమె గొంతు కూడా మారిపోయింది. ఇక ఆమెతో ఎవరూ నేరుగా మాట్లాడకూడదు, ఆమె కూడా ఎవరితోనూ మాట్లాడకూడదు. ఒచ్యామే వచ్చి పక్కన నిలబడితే ఆమె ఆయన చెవిలో తన మొదటి మాట చెప్పింది. ఏటి ఒడ్డున పాతిన కర్రలూ తాడూ పొద్దు గూకేలోగా పీకెయ్యాలి, ఆడవాళ్ళ మళ్ళల్లో ఆడవాళ్ళ కాళ్ళు తప్ప వేరే బూట్లు కనపడకూడదు. ఒచ్యామే ఆ మాటకి నాలుగు సామెతలు తొడిగి గొంతెత్తి చెప్పాడు. గుంపులో ఎక్కడో ఆమె తల్లి గట్టిగా ఏడవడం వినపడింది.

రెండో మాట అవ్వకి. అవ్వ చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లోనే కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద గిన్నె పెట్టుకుని. ఫ్రెమా ఆవిడ వైపు తిరిగి మామూలుగా ‘అవ్వా’ అనబోయింది. అంతలో కర్ర అడ్డం వచ్చింది. ఆమె నోరు మూసుకుని, ఒచ్యామే చెవిలో చెప్పింది.

“రాణీమాత అంటున్నారు,” అన్నాడు ఒచ్యామే, అవ్వ తల మీదుగా ఎటో చూస్తూ. “మొహం బాగుపడేదాకా ఆ గిన్నె ఆమె ముందుకి రాకూడదు. డూఫియే ముందుకి కూడా.”

అవ్వ ఫ్రెమా మొహాన్నే చూసింది. పొద్దుటిదాకా ఒళ్ళో పెట్టుకున్న తల అది. తర్వాత లేచి, నడుం వంగినంత మేర వంగి, జవాబు కర్రకే చెప్పింది.

“రాణీమాతకి చెప్పండి. గిన్నె తీసుకురాను. ఉత్త చేతులతో రావచ్చా అని అడగండి.”